మూడు కాలేజీలూ ఒక అడ్డచుట్టా

ఆగస్టు 3, ఆదివారం

ఈ డైరీ టూత్‌పేస్టు కంపెనీ వాళ్లు క్లినిక్‌లో ఇచ్చి వెళ్లింది. ప్రతి పేజీ అడుగున తెల్లటి పళ్లవరస, పక్కనే 'నవ్వుతూ ఉండండి' అని. ఏడు నెలలు దీన్ని కూరగాయల చీటీలకు వాడాను. ఇవాళ్టి నుంచి నా గోడు రాసుకుంటాను. జాన్ పాల్‌తో చెప్పుకుందామంటే, కట్టుకున్నవాడే కానీ, ఏది చెప్పినా ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కిస్తున్నాడు.

వేరే దేశాల్లో చదివిన పళ్ల డాక్టర్ల కోసం అమెరికా కాలేజీల్లో ఒక ప్రత్యేక కోర్సు ఉంటుంది. అది చేస్తేనే అక్కడ ఎవరి నోట్లోనైనా వేలు పెట్టనిస్తారు. ఫారంలో నన్ను 'విదేశంలో శిక్షణ పొందిన దంతవైద్యురాలు' అంటారు. నేను పుట్టింది గాజువాకలో. తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నది గాజువాకలో. ఉంటున్నది కూర్మన్నపాలెంలో. బస్సు కూడా ఎక్కకుండా, ఇంట్లో మంచం మీద కూర్చునే విదేశీయురాలినైపోయాను.

రెండేళ్లు వరసగా కాలేజీలన్నీ నన్ను వద్దన్నాయి. ఆ కోర్సు కోసం రాసిన పరీక్ష మార్కులకు ఇదే ఆఖరి ఏడాది. తర్వాత అవి చెల్లవు. ఈసారి కూడా రాకపోతే డాక్టర్ సాయిశంకర్ గారి క్లినిక్‌లో రెండో కుర్చీ దగ్గరే నా బతుకంతా. మొదటి కుర్చీలో ఆయన క్యాపులు వేస్తారు, రూట్ కెనాల్ చేస్తారు. పీకాల్సినవి నా దగ్గరికి పంపిస్తారు. బయట పేషెంట్లు "పీకే మేడం ఉన్నారా?" అని అడుగుతారు. దీనా అని నాకో పేరుందని ఆ వీధిలో ఎవరికీ తెలీదు.

జాన్ పాల్ స్టీల్ ప్లాంట్ టెస్టింగ్ లాబ్‌లో పనిచేస్తాడు. ఇనుము ముక్కను వంచి, లాగి, విరగ్గొట్టి పాస్, రిజెక్ట్ అని రాయడం ఆయన ఉద్యోగం. కాలేజీలనూ అలాగే వరసగా పెట్టాడు. మొత్తం మూడు. చలి ఎక్కువున్నదాన్ని మంచు కాలేజీ అంటాం. ఇంకోటి ఎడారి కాలేజీ. మూడోది చుట్టూ మొక్కజొన్న చేలేనట, అందుకని మొక్కజొన్న కాలేజీ. చలి, దూరం, దగ్గర్లో తెలుగు ప్రార్థన, బియ్యం దొరకడం, ఒక్కోదానికి పది మార్కులు. మొక్కజొన్న కాలేజీకి బియ్యంలో రెండే వచ్చాయి.

"రెండు మార్కులెలా వేశావు? వెళ్లి చూశావా?"

"అంచనా దీనా. లాబ్‌లోనూ మొదట అంచనాయే వేస్తాం."

ఆగస్టు 6

వ్యాసం రాయాలి. 'మిమ్మల్ని మార్చిన ఒక పేషెంట్ గురించి చెప్పండి.' మూడు కాలేజీలకూ ఇదే ప్రశ్న.

నన్నెవరూ మార్చలేదు.

ఆగస్టు 9, శనివారం

దొరికింది.

చిట్టమ్మ యారాడ నుంచి వారానికి రెండుసార్లు చేపలు తెస్తుంది. అరవై దాటిన మనిషి. కొండ దిగి బస్సులో గాజువాక, అక్కడి నుంచి షేర్ ఆటోలో మా వీధి. ఆమె వచ్చిందని చెప్పడానికి కాలింగ్ బెల్ అక్కర్లేదు. వీధి మొదట్లో "సేపలో..." అని ఒక్క కేక వేస్తే నైట్ షిఫ్టు చేసి పడుకున్నవాళ్లంతా లేస్తారు. ఆ కేకకు మా కాలనీ సెక్యూరిటీ ఆఫీసులో రెండు ఫిర్యాదులున్నాయి. ఒకటి జాన్ పాల్‌ది.

గుమ్మంలో కూర్చుని వంజరం కోస్తూ దవడ పట్టుకుంది. "డాకటరమ్మా, ఈ కిందపన్ను సంపేత్తంది. పీకీ తల్లీ. ఈ ముక్క ఊరికే ఇచ్చెత్తాను."

నోరు తెరవమన్నాను. "ఉండుండు" అని నోట్లోంచి చుట్ట తీసింది. నిప్పున్న వైపు లోపల పెట్టుకుని తాగుతుంది ఆమె. అడ్డపొగ. చిన్నప్పటి నుంచీ మా చేపలమ్మలందరినీ అలా చూస్తూనే ఉన్నాను కాబట్టి ఎప్పుడూ చూడలేదు. కాలదా అంటే నవ్వింది. "గాలికి ఆరదు, తడి సేతుల్తో పట్టుకోనక్కర్నేదు, నుసి సేపల మీద పడదు. నీ సదువులో ఇది సెప్పనేదేటి?"

చెప్పారు. పుస్తకంలో ఒక పేజీ కూడా ఉంది. మా ఉత్తరాంధ్ర తీరం పేరు ప్రపంచ దంతవైద్యంలో ఎక్కింది ఆ ఒక్క పేజీలోనే.

ఫోన్ లైటు వేసి చూశాను. అంగిలంతా తెల్లగా, ఎండిన చెరువులా. మధ్యమధ్య ఎర్రచుక్కలు. అడ్డపొగ నోళ్లన్నీ అంతే. కుడివైపు ఒకచోట చొక్కా బొత్తాం అంత ఎర్రమచ్చ.

మచ్చ. వేడికి అయుంటుంది.

ఫోటో తీశాను. తీస్తున్నప్పుడే వ్యాసం మొదటి వాక్యం వచ్చేసింది.

ఆగస్టు 11

చిట్టమ్మ పన్ను పీకాను. కింద ఎడమవైపు. కష్టపడలేదు, తొమ్మిదేళ్ల అనుభవం. పీకాక అందరికీ చెప్పేది ఆమెకూ అప్పజెప్పాను. ఉమ్మొద్దు, వేడివి తినొద్దు, వారం రోజులు చుట్ట తాగొద్దు. నా నోరు చెబుతుంది, పేషెంట్ తలూపుతాడు, మెట్లు దిగుతూనే వెలిగిస్తాడు. అది మా ఇద్దరి మధ్య మర్యాద.

ఆగస్టు 16

వ్యాసం అయింది. బాగా వచ్చింది. సముద్రం, కొండ, చుట్ట, నా ఆవేదన. ముగింపు దగ్గర ఆగిపోయాను. మచ్చ చూశాను అని రాసి వదిలేస్తే చదివేవాళ్లు తర్వాతేమైందని అడుగుతారు కదా. అందుకని, మచ్చలోంచి ముక్క తీసి పరీక్షకు పంపించాననీ, ప్రమాదం లేదని తేలిందనీ, నెలనెలా చూస్తున్నాననీ రాశాను.

పంపే గడువు నెలాఖరు. ఈలోపు చేయిస్తే అది అబద్ధం కాదు. ముందుగా రాసిన నిజం.

ఆగస్టు 19

వ్యాసాలు దిద్దిపెట్టే అమ్మాయి అలేఖ్య, హైదరాబాద్‌లో ఉంటుంది. ఫోన్ చేసింది. "మేడమ్, ఒక చిన్న తప్పుంది. చుట్ట వెలిగించిన వైపు నోట్లో అని పడింది. బయట అని మార్చేశాను."

"తప్పు కాదమ్మా. లోపలే."

"అంటే... నిప్పు?"

"నిప్పే."

"మేడమ్, అడ్మిషన్ వాళ్లు నమ్మేలా ఉండాలి కదా."

పరీక్ష చేయించిన సంగతి మాత్రం నమ్మింది. అక్కడ ఒక్క కామా కూడా మార్చలేదు.

ఆగస్టు 31

మూడు కాలేజీలకూ పంపించాను. ఆఖరి గంటలో హడావిడి. మంచు కాలేజీకి అలేఖ్య దిద్దిన కాపీ వెళ్లిపోయింది. అందులో చిట్టమ్మ అందరిలాగే తాగుతుంది.

క్లినిక్‌లో రష్‌గా ఉంది. ముక్క తీయించడానికి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి, సగం రోజు పోతుంది. వచ్చే వారం.

సెప్టెంబర్ 7, ఆదివారం

జాన్ పాల్ ప్రార్థన మనవుల చీటీలో మూడు కాలేజీల పేర్లూ మార్కులతో సహా రాసిచ్చాడు. పాస్టర్ గారు మైకులో చదివారు. "బియ్యం, పదికి రెండు" అన్నప్పుడు సంఘమంతా ఆమెన్ అంది.

వంటింట్లో, కాలేజీలు పెట్టే చేతిపని పరీక్షల ప్రాక్టీసు కోసం ప్లాస్టిక్ దవడ బిగించుకున్నాను, బియ్యం డబ్బా పక్కన. జాన్ పాల్ టీ పెట్టుకుంటూ దానికి గుడ్ మార్నింగ్ చెబుతున్నాడు.

సెప్టెంబర్ 10

ఎడారి కాలేజీ ఇంటర్వ్యూ. అవతల మనిషి లేడు. తెర మీద ప్రశ్న వస్తుంది, పక్కన అరవై సెకన్లు తగ్గుతూ పోతాయి. 'మీరు తప్పు చేసిన ఒక సందర్భం చెప్పండి.' ఏది చెప్పాలా అని ఆలోచిస్తుంటే అరవై అయిపోయాయి. 'అద్భుతమైన సమాధానం, ధన్యవాదాలు' అంది మిషను.

సెప్టెంబర్ 11

ఎడారి కాలేజీ వద్దంది. నేను తెర వైపు చూడలేదట. జాన్ పాల్ ఆ వరసకు ఎర్రరంగు వేశాడు. తన ముఖమూ ఎర్రగా పెట్టుకున్నాడు.

సెప్టెంబర్ 13

మొక్కజొన్న కాలేజీ నుంచి ఉత్తరం! అడ్మిషన్ కమిటీలో ఒక ముసలి ప్రొఫెసర్ ఉన్నారట. నోటి జబ్బులు ఆయన సబ్జెక్టు. నలభై ఏళ్లుగా అడ్డపొగ గురించి ఆ ఒక్క పేజీనే పాఠం చెబుతున్నారట, ఒక్కసారీ కళ్లారా చూడలేదట. ఇరవయ్యో తేదీ వీడియో ఇంటర్వ్యూలో, పేషెంట్ ఇష్టపడితే, ఆమెను కూడా కూర్చోబెట్టగలరా అని.

ఇంతకన్నా ఏం కావాలి. సీటు చేతికందినట్టే. ఇన్నాళ్లకు నా దగ్గర ఎవరి దగ్గరా లేనిది ఒకటుంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

చిట్టమ్మ వచ్చింది. "సేపలో..." అన్న కేక ఎప్పటికన్నా గట్టిగా ఉంది. చేపలు కోస్తోంది. నోట్లో ఏమీ లేదు.

"చుట్టేది?"

"నువ్వే గదా మానెయ్యమన్నావు."

"నేను వారం రోజులన్నాను."

"వారం మానీసినాను. మరో వారం సూద్దారనుకున్నాను. నెల దాటిపోనాది." వేళ్ల మీద వారాలు లెక్కపెట్టి చూపించి నవ్వింది. "మా ఆయన అప్పలరాజు నలభై ఏళ్లు మొత్తుకున్నాడు, ఇన్నేదు. నువ్వు సదువుకున్నదానివి గదా, ఊరికే సెప్తావేటి అనుకున్నాను. నోట్లో రుసి తెలస్తందమ్మా ఇప్పుడు. పులుసులో ఉప్పెక్కువేస్తన్నానని ఇన్నాళ్లకి తెలిసినాది."

తొమ్మిదేళ్లలో నా మాట విన్న మొదటి పేషెంట్.

నాకు సంతోషం కలగలేదు. ఇరవయ్యో తేదీకి ఇంకా ఆరు రోజులే ఉందని గుర్తొచ్చింది.

సెప్టెంబర్ 15

జాన్ పాల్‌తో చెప్పాను. "ఇంకో చేపలమ్మని కూచోబెడదాం" అన్నాడు. వ్యాసంతో పాటు ఆమె నోటి ఫోటో పంపించేశాను కదా, మనిషిని ఎలా మారుస్తాను. "అయితే ఒక్కసారి తాగమను. ఒక్క టెస్టుకి ఇనుం పాడైపోదు." ఇనుము ముక్కను టెస్టు చేశాక ఏం చేస్తారని అడిగాను. తుక్కులో వేస్తామన్నాడు. తర్వాత ఇద్దరం కాలేజీ గురించి మాట్లాడుకున్నాం.

సెప్టెంబర్ 16

యారాడ వెళ్లాను. బస్సు దిగుతూనే కొట్టులో చుట్టల కట్ట కొన్నాను. కొట్టతను నన్నూ కట్టనూ మార్చి మార్చి చూశాడు. పొగాకు వాసన చేతులకు పట్టింది. తొమ్మిదేళ్లుగా అందరి చేతా మాన్పించాలని చూసినదాన్ని, సంచిలో దాచుకుని ఇసకలో నడిచాను.

చిట్టమ్మ వలల దగ్గర కూర్చుని ఉంది. చెప్పాను. నా చదువు, అమెరికా, ముసలి ప్రొఫెసరు, అన్నీ.

"ఆడికి సుట్ట తాగడం సూడాలని ఉందేటి? ఆళ్ల దేశంలో సుట్టల్లేవేటి?"

"ఇలా తాగేవాళ్లు లేరు."

"నాను తాగితే నీకు సీటిస్తాడా?"

"ఇస్తాడనుకుంటున్నాను."

నా ముఖం చూసింది. "అలాగేలే. నువ్వు మాన్మన్నావని మానీసినాను, తాగమంటే తాగుతాను. సదువంటే మాటలా."

నేను థాంక్స్ అన్నాను. ఆమెకు ఆ మాట ఏం చేసుకోవాలో తెలియలేదు.

సెప్టెంబర్ 18

రిహార్సల్. వెలుతురు చాల్లేదు. మూడు చుట్టలు.

సెప్టెంబర్ 19

మళ్లీ రిహార్సల్. నెట్ ఆగిపోయింది. నాలుగు చుట్టలు. "మళ్లీ అలవాటైపోతంది తల్లీ" అంది నవ్వుతూ. నవ్వుతూనే కదా అంది.

సెప్టెంబర్ 20, శనివారం

వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి ఇది నేనే నమ్మను.

ఇంట్లో నెట్ బాగోలేక క్లినిక్‌లో పెట్టాను. సాయిశంకర్ గారు పెళ్లికి వెళ్లారు. సాయంత్రం ఆరున్నర, అక్కడ పొద్దున ఎనిమిది. చిట్టమ్మను రెండో కుర్చీలో కూర్చోబెట్టాను. ఎదురుగా ట్రే అంచున తెరిచిన లాప్‌టాప్. ఆఖరి నిమిషంలో చూస్తే ఆమె తల వెనకే బోర్డు, 'పొగ తాగరాదు', పక్కన పుండుపడ్డ నోటి బొమ్మ. నేను తగిలించిందే. పరుగెత్తి తిప్పి పెట్టాను. వెనకవైపు అదే ఇంగ్లీషులో ఉంది. చీర కొంగులాంటిదేదైనా కప్పుదామంటే నేను వేసుకున్నది కోటు. చివరికి జాన్ పాల్ చొక్కా విప్పి దాని మీద తగిలించి, బనీనుతో తలుపు దగ్గర నిలబడ్డాడు.

తెర మీద ముగ్గురు. మధ్యలో ముసలి ప్రొఫెసర్, ఎర్రటి స్వెటరు. నన్ను రెండు ప్రశ్నలడిగారు. మా కాలేజీనే ఎందుకు ఎంచుకున్నావని ఒకటి. చుట్టూ పచ్చటి చేలంటే ఇష్టమన్నాను. రెండోది గుర్తులేదు, ఎవరూ వినలేదు కూడా. అందరి కళ్లూ చిట్టమ్మ మీదే.

ఆమె వెలిగించింది. రెండు పీల్పులు పీల్చి, తీసి, తిప్పి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసింది. ముక్కులోంచి పొగ.

అవతల ఒకావిడ కేక వేసింది. ప్రొఫెసర్ లేచి నిలబడ్డారు. తలుపు తీసి ఎవరెవరినో పిలిచారు. అయిదు నిమిషాల్లో పదిహేను మంది చేరారు, కాఫీ కప్పుతో ఒకతను, నేల తుడిచే కర్రతో ఒకతను. చిట్టమ్మకు ఊపొచ్చేసింది. చుట్ట నోట్లోనే ఉంచుకుని, చేపల బేరం పాట మొత్తం చెప్పింది, వంజరం ఎంత, కోనాం ఎంత, అని. పదిహేను మందీ చప్పట్లు కొట్టారు. ప్రొఫెసర్ కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడు నోరు చూపించమన్నారు. నేను లైటు పట్టాను. అద్దం పెట్టి కుడివైపు చూపించాను. ప్రొఫెసర్ ముఖం మారింది, తెర దగ్గరికి వంగారు.

"పరీక్షలో ప్రమాదం లేదని తేలిందని రాశారు. ఎప్పుడు చేయించారు?"

"మార్చిలో."

మార్చి అన్న మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. పన్ను పీకినంత సులువుగా వచ్చింది.

"మళ్లీ చేయించండి. ఈ వారమే."

"బుధవారం" అన్నాను.

చిట్టమ్మ నా చెయ్యి లాగింది. "ఏటంటన్నాడమ్మా? మొకం అలగ పెట్టినాడేటి?"

"నోరు బాగుందంటున్నారు."

తెర వైపు తిరిగి ఆయనకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

సెప్టెంబర్ 24, బుధవారం

సాయిశంకర్ గారు సెలవివ్వలేదు. వచ్చే బుధవారం.

నేను అడగలేదు. ఇక్కడైనా నిజం రాయాలి.

సెప్టెంబర్ 29

సీటొచ్చింది. ఒకటి కాదు రెండు! మొక్కజొన్న కాలేజీ, మంచు కాలేజీ. మంచు కాలేజీ వాళ్లు ఇంటర్వ్యూ కూడా చెయ్యలేదు, వ్యాసం నమ్మదగ్గదిగా ఉందట. రెండేళ్లు అందరూ తోసేసినదాన్ని, ఇప్పుడు నేను ఎంచుకోవాలి. స్నానాల గదిలోకెళ్లి కుళాయి విప్పి ఏడ్చాను. సంతోషంతో.

అక్టోబర్ 1, బుధవారం

మంచు కాలేజీ రెండేళ్లలో అయిపోతుంది. మొక్కజొన్న కాలేజీ మూడేళ్లు, కానీ ఆ ప్రొఫెసర్ దగ్గర పనిచేయొచ్చు. మంచు కాలేజీ ఊళ్లో తెలుగు ప్రార్థన ఉంది. మొక్కజొన్న ఊళ్లో బియ్యం ఉన్నాయట, జాన్ పాల్ ఫోన్ చేసి కనుక్కుని రెండు మార్కులను తొమ్మిది చేశాడు. దాంతో రెండింటికీ సరిగ్గా ముప్పై ఒకటి. జాన్ పాల్ కొత్త గడి కలిపాడు: 'గాలిలో తేమ'. మళ్లీ సమానం. 'ఊరి పేరు పలకడం సులువు.' మళ్లీ సమానం. అన్నం మానేసి ఇద్దరం దాని మీదే ఉన్నాం. క్యాపులు వేసే చేతులు ఎక్కడ నేర్పుతారు, ఎముక పని ఎక్కడ నేర్పుతారు. నాకు అన్నీ నేర్చుకోవాలని ఉంది. నోట్లోంచి తీసెయ్యడం తప్ప ఏదైనా పెట్టడం నేర్చుకోవాలని ఉంది.

ఇవాళ బుధవారం.

అక్టోబర్ 8, బుధవారం

ముప్పై ఎనిమిది, ముప్పై ఎనిమిది.

అక్టోబర్ 12, ఆదివారం

చిట్టమ్మ వచ్చింది. నోట్లో చుట్ట. "నువ్వే గదమ్మా మళ్లీ అంటించినావు" అని నవ్వింది. "నోరు బాగుందన్నాడు గదా అమెరికా ఆయన. మా ఈదిలో అందరికీ సెప్పినాను. మా తోటికోడలు మానేద్దారనుకుని, ఇది ఇని మల్లా మొదలెట్టింది."

చేపలు లోపల పెట్టి వచ్చాను. "నోరు తెరువు చిట్టమ్మా."

మచ్చ ఇప్పుడు బొత్తాం కాదు, రూపాయి బిళ్ళంత. వేలు పెట్టి చూశాను. అంచు గట్టిగా ఉంది. ఆగస్టులో నేను వేలు పెట్టలేదు. పెట్టకుండా ఫోటో తీశాను.

నాకు ఆ రోజే తెలుసు. చెరువు, ఎర్రచుక్కలు అంటూ అందంగా రాసుకున్నాను కానీ నాకు ఆ రోజే తెలుసు.

"రేపు నాతో పెద్దాసుపత్రికి రా."

"ఏల? బాగుందన్నాడు గదా?"

"ఆయన అలా అనలేదు. నేను అన్నాను."

కత్తి పక్కన పెట్టింది. ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

అక్టోబర్ 13, సోమవారం

ముక్క తీశారు. గోరంత. నేనే తల పట్టుకున్నాను. క్లినిక్‌కి చెప్పకుండా మానేశాను, సాయిశంకర్ గారు పదకొండుసార్లు ఫోన్ చేశారు. ఆకాశం ఏమీ ఊడిపడలేదు. ఇంత తేలికైన పనికి రెండు నెలలు పట్టింది నాకు.

అక్టోబర్ 21

కాన్సరే. మొదట్లోనే ఉంది, మెడకు పాకలేదు. అంగిట్లో ఆ ముక్క ఎముకతో సహా తీసేస్తే సరిపోతుందన్నారు సర్జన్.

యారాడ వెళ్లి చెప్పాను. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. మచ్చ ఆగస్టులోనే చూశాననీ, అప్పుడే తీయించాల్సిందనీ, కాగితంలో తీయించానని రాసుకున్నాననీ చెప్పాను. అన్నీ చెప్పాను. తిడుతుందని ఎదురుచూశాను. గట్టిగా తిట్టగలదు, ఆ గొంతుకు రెండు ఫిర్యాదులున్నాయి.

చుట్ట ఇసకలో గుచ్చింది.

"నువ్వు మాన్మన్నావు, మానీసినాను. తాగమన్నావు, తాగినాను. నోరు తెరమన్నప్పుడల్లా తెరిసినాను." సముద్రం వైపు చూస్తూ అంది. "ఇప్పుడేటి సెయ్యమంటావో సెప్పు. అదీ సేస్తాను."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడానికి సిగ్గేసి, చెప్పులు వేసుకునే వంకతో అటు తిరిగాను.

అక్టోబర్ 22

రెండు కాలేజీలకూ నిజం రాశాను. పరీక్ష చేయించలేదు, మార్చి అబద్ధం, మానేసిన మనిషి చేత తాగించాను. అలేఖ్యకు చూపించలేదు. జాన్ పాల్ చదివి, చాలాసేపు షీట్ తెరిచి కూర్చున్నాడు. "దీనికి ఏ గడి?" అన్నాడు. తర్వాత మూసేశాడు.

అక్టోబర్ 30

మొక్కజొన్న కాలేజీ సీటు వెనక్కి తీసుకుంది. రెండు లైన్లు. న్యాయమే.

మంచు కాలేజీ జవాబు: 'ఒకసారి సమర్పించిన వ్యాసంలో మార్పులు స్వీకరించబడవు. మీ ఉత్సాహానికి అభినందనలు. డిసెంబర్ 15 లోగా అంగీకారం బటన్ నొక్కగలరు.'

మళ్లీ రాశాను, ఇది మార్పు కాదు, నేను అబద్ధమాడాను అని. అదే జవాబు మళ్లీ వచ్చింది. మూడోసారి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎంతో మర్యాదగా, "మీ ఫైలులో లోపమేమీ లేదు, చుట్ట మామూలుగానే తాగినట్టుంది" అంది.

నవంబర్ 13

ఆపరేషన్ అయింది. బాగా జరిగిందన్నారు. అంగిట్లో రంధ్రం. నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తున్నాయి. మాట గాలిలో పోతోంది. "చిట్టమ్మా" అంటే ఏదో అంది. నాకు అర్థం కాలేదు. అప్పలరాజుకీ అర్థం కాలేదు.

పుండు మానాక ఆ రంధ్రానికి మూతలా ఒక ప్లేట్ చెయ్యాలి. బయట చేయిస్తామన్నారు సర్జన్. నేను చేస్తానన్నాను.

నవంబర్ 16, ఆదివారం

వీధిలో కేక లేదు. పక్కింటి నాగశ్రీ గారు అడిగారు, చేపలమ్మ రావట్లేదేమండీ, పొద్దున్నే మెలకువ రావట్లేదని. రెండో ఫిర్యాదు ఆవిడదే.

డిసెంబర్ 6

మొదటి ప్లేట్ పనికిరాలేదు. అంచు గుచ్చుకుంది. రెండోది వదులు. వంటింట్లో ప్లాస్టిక్ దవడ తీసేసి, చిట్టమ్మ అంగిలి అచ్చు పెట్టుకున్నాను. జాన్ పాల్ టీ పెట్టుకుంటూ దాన్ని చూసి గుడ్ మార్నింగ్ చెప్పలేదు. లాబ్ నుంచి సన్నటి ఆకురాయి తెచ్చిచ్చాడు. మైనం పెట్టి, గీకి, మళ్లీ పెట్టి. తొమ్మిదేళ్లలో నోట్లో పెట్టడానికి నేను చేస్తున్న మొదటి వస్తువు.

డిసెంబర్ 12

మూడోది కూర్చుంది. కానీ నెలనెలా సరిచెయ్యాలి. పుండు మానేకొద్దీ ఆకారం మారుతుంది. ఆరు నెలలు పట్టొచ్చు. మంచు కాలేజీ జనవరిలో మొదలు.

డిసెంబర్ 14, ఆదివారం

చిట్టమ్మ వచ్చింది, బుట్టతో. ప్లేట్ పెట్టుకుని, నీళ్లు తాగి చూపించింది. ముక్కులోంచి రాలేదు. "రుసి మాత్రం సగమే తెలస్తంది" అంది. మాట స్పష్టంగా ఉంది. కొంచెం బొంగురు.

నిన్న మొక్కజొన్న ప్రొఫెసర్ సొంతంగా ఉత్తరం రాశారు. సీటు గురించి కాదు. ఆమె ఎలా ఉందని అడిగారు. కింద, ప్లేట్ పెట్టుకున్న నోటి ఫోటో పంపగలరా, క్లాసులో చూపించుకుంటాను, ఆమె ఒప్పుకుంటేనే, అని.

ఆగస్టులో నేను ఫోటో తీసినప్పుడు ఒప్పుకుంటావా అని అడగలేదు. ఇవాళ అడిగాను.

"మల్లా ఆడేనా?" చేపల కత్తి తుడుచుకుంది. "వొద్దమ్మా. సాలు. నా నోరు నాది."

బుట్ట నెత్తికెత్తుకుని గేటు దాటింది. వీధి మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, "సేపలో..." అంది. ఎదురింట్లో కిటికీ తెరుచుకుంది. రెండోసారి ఇంకా గట్టిగా అంది. జాన్ పాల్ నైట్ షిఫ్టు చేసి పడుకున్నాడు, లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

డిసెంబర్ 15

బటన్ నొక్కలేదు. గొప్పతనం అనుకోవడానికి లేదు. ఆ వ్యాసం పట్టుకుని ఆ తరగతిలో కూర్చోలేను. అదీకాక జనవరి పన్నెండున చిట్టమ్మ ప్లేట్ సరిచెయ్యాలి, ఆమెకు తారీకు రాసిచ్చాను. మార్కుల గడువు పోయింది, పరీక్ష మళ్లీ రాయాలి. రాస్తాను. బాధగా ఉంది. చాలా బాధగా ఉంది.

ప్రొఫెసర్‌కు జవాబు పంపించాను. 'పేషెంట్ ఒప్పుకోలేదు.' ఒక్క వాక్యం. ఎవరి చేతా దిద్దించలేదు.